సరుకుల బండిలో పసివాడు

సూపర్ మార్కెట్ ట్రాలీకి బీజం ట్రాలీ పుట్టడానికి ఇరవై ఒక్క ఏళ్ల ముందే, 1916లో పడింది. ఆ ఏడాది సెప్టెంబరులో అమెరికాలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ అనే వ్యాపారి ‘పిగ్లీ విగ్లీ’ పేరుతో ఒక కిరాణా దుకాణం తెరిచాడు. అప్పటిదాకా అక్కడా, ఇక్కడా కిరాణా కొట్టంటే ఒకటే పద్ధతి. కొనేవాళ్లు బల్లకి ఇవతల నిలబడి చీటీ చదువుతారు. కొట్లో కుర్రాడు అవతల నుంచి ఒక్కొక్కటీ తెచ్చి, తూచి, పొట్లం కట్టి ఇస్తాడు. సాండర్స్ ఆ అడ్డుబల్లను తీసేసి, ఎవరికి కావలసింది వాళ్లే అరల్లోంచి తీసుకోమన్నాడు.

ఈ మార్పు తల్లుల చేతుల మీద పడింది. బల్ల ఇవతల నిలబడ్డ తల్లి చంకనున్న బిడ్డను దించాల్సిన పని లేదు. అరల మధ్య తిరిగే తల్లికి ఒక చేతిలో బుట్ట, ఇంకో చేతిలో సరుకు. బిడ్డ ఎక్కడుండాలి? ఆ ప్రశ్నకు దుకాణాలు ఇచ్చిన జవాబే ఇవాళ ట్రాలీ హ్యాండిల్ దగ్గర కనిపించే ఆ చిన్న మడత సీటు. ఆ సీటు చుట్టూ ఉన్న విశేషాలు చాలానే. పసిపిల్లలున్న ఇళ్లకు వాటిలో కొన్ని తెలిసి తీరాలి.

మడత కుర్చీలోంచి పుట్టిన బండి

ఓక్లహోమా సిటీలో ‘హంప్టీ డంప్టీ’ అనే సూపర్ మార్కెట్లు నడిపిన సిల్వన్ గోల్డ్‌మన్‌కి ఒక బెంగ ఉండేది. చేతిలో బుట్ట బరువెక్కగానే జనం కొనడం ఆపేసి బిల్లు దగ్గరికి వెళ్లిపోతున్నారు. తన ఆఫీసులో ఉన్న చెక్క మడత కుర్చీని చూసి ఆయనకు ఆలోచన తట్టింది. కుర్చీ సీటు మీద ఒక బుట్ట, కింద ఇంకో బుట్ట, కాళ్లకు చక్రాలు. మెకానిక్ ఫ్రెడ్ యంగ్ సాయంతో ఆ బండి తయారై, 1937 జూన్ 4న దుకాణంలోకి వచ్చింది. 1940లో పేటెంటు దొరికింది.

జనం మాత్రం దాన్ని ముట్టుకోలేదు. పడుచు మగవాళ్లు ఈ బుట్ట మోయలేని బలహీనులమా అనుకున్నారు. ఆడవాళ్లు ఇంట్లో పిల్లల బండి తోసింది చాలు, ఇక్కడ కూడానా అన్నారు. గోల్డ్‌మన్ డబ్బులిచ్చి కొందరిని పెట్టుకుని, కొనేవాళ్లలాగా దుకాణంలో ఆ బండ్లు తోయించాడు. అప్పుడు మొదలైంది అలవాటు.

గమనించండి, ఈ కథ మొత్తంలో పసివాడు లేడు. బండి పుట్టింది సరుకుల కోసం. పిల్లల సీటు తర్వాతి మెరుగుల్లో వచ్చి చేరింది. ఇవాళ్టి ఇబ్బందుల్లో చాలావాటి మూలం అక్కడే ఉంది.

సీటు అంత ఎత్తున ఎందుకు?

1946లో కాన్సాస్ సిటీకి చెందిన ఆర్లా వాట్సన్ ఒక చిన్న మార్పు చేశాడు. బుట్ట వెనక తలుపును పైన కీలు మీద ఊగేలా బిగించాడు. వెనక నుంచి ఇంకో బండి తోస్తే తలుపు పైకి లేచి, ముందున్న బండి కడుపులోకి అది దూరిపోతుంది. వంద బండ్లున్నా ఒక గోడ వారన ఇమిడిపోతాయి. ఆయన బండి ఒకటి వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియం వాళ్ల దగ్గర ఉంది.

పిల్లల సీటు కూడా ఆ ఊగే తలుపుకే అతుక్కుని ఉంటుంది. బండ్లు ఒకదాంట్లో ఒకటి దూరాలంటే సీటు పల్చగా మడతపడాలి, తలుపుతో పాటు లేవాలి. అందుకే దాని చోటు హ్యాండిల్ దగ్గర, పైన. దుకాణానికి స్థలం కలిసొచ్చే ఏర్పాటు బిడ్డను నేలకు దాదాపు మీటరు ఎత్తున కూర్చోబెట్టింది. ఆ మడతల్లోనే చిన్న వేళ్లు నలుగుతుంటాయి. సీటు తెరిచేటప్పుడు, మూసేటప్పుడు బిడ్డ చేతులు ఎక్కడున్నాయో చూసుకోవడం మరిచిపోకండి.

అర సెకను కూడా కాదు

మీటరు ఎత్తు నుంచి పడే దేనికైనా నేలను తాకడానికి పట్టే సమయం 0.45 సెకను. తాకేటప్పుడు దాని వేగం గంటకు సుమారు 16 కిలోమీటర్లు. ఇది బడిలో చదివిన భౌతికశాస్త్రమే, బిడ్డకైనా బంతికైనా ఒకటే లెక్క.

ఇప్పుడు మన సంగతి. కంటికి ఒకటి కనిపించి, మెదడు దాన్ని గ్రహించి, చెయ్యి కదలడం మొదలుపెట్టడానికే పావు సెకను దాకా పడుతుంది. అది కూడా మనం బిడ్డ వైపే చూస్తూ ఉంటే. పప్పు ప్యాకెట్ మీద ధర చదువుతూ ఉంటే, చప్పుడు వినబడ్డాకే తల తిప్పుతాం.

‘నేను పక్కనే ఉన్నాగా’ అనే ధీమా మనలో చాలామందికి ఉంటుంది. పక్కన ఉండడం తప్పకుండా కావాలి, కానీ అదొక్కటే బిడ్డను పట్టుకోలేదు. ఆ అర సెకనులో పని చేయగలిగేది నడుముకి పెట్టిన బెల్టు ఒక్కటే. ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంటుందంటే అది ఇదే కావాలని నా కోరిక.

ఇరవై రెండు నిమిషాలకొకరు

అమెరికాలో ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో నేషన్‌వైడ్ చిల్డ్రన్స్ హాస్పిటల్ ఉంది. పిల్లల గాయాల మీద పరిశోధన చేసే కేంద్రం ఒకటి దానికి ఉంది. డాక్టర్ గ్యారీ స్మిత్ బృందం అక్కడ 1990 నుంచి 2011 వరకు, అంటే 22 ఏళ్ల లెక్కలు తిరగేసి 2014లో ప్రచురించింది. ఆ కాలంలో షాపింగ్ కార్టుల వల్ల దెబ్బలు తగిలి అమెరికా అత్యవసర విభాగాలకు వచ్చిన 15 ఏళ్ల లోపు పిల్లలు అంచనాగా 5,30,494 మంది. సగటున ఏడాదికి 24,000 పైమాటే. రోజుకు 66 మంది. ఇరవై రెండు నిమిషాలకొక బిడ్డ.

వీరిలో 70 శాతం మంది బండిలోంచి కింద పడ్డవాళ్లు. మిగతావాళ్లలో బండి తిరగబడినవాళ్లు, బండికి గుద్దుకున్నవాళ్లు, చెయ్యో కాలో అందులో ఇరుక్కున్నవాళ్లు. దెబ్బ తగిలిన చోటు చూస్తే 78 శాతం మందికి తలే.

ఇంకో లెక్క నన్ను మరీ కలవరపెట్టింది. తల లోపల దెబ్బ తగిలిన కేసులు 1990లో 3,483 ఉంటే, 2011లో 12,333. మూడున్నర రెట్లు. తల దెబ్బల మీద జనానికి అవగాహన పెరిగి, ఇదివరకు ఇంట్లోనే ఉండిపోయేవాళ్లు ఆసుపత్రికి రావడం దీనికి కొంత కారణం కావచ్చు. అయినా ఒక సంగతి మిగిలే ఉంది. ఈ బండ్లకు 2004లో అక్కడ ఒక భద్రతా ప్రమాణం వచ్చింది. బెల్టులు, హెచ్చరిక బొమ్మలు దానిలో ఉన్నాయి. పాటించి తీరాలన్న నిర్బంధం లేని ప్రమాణం అది. వచ్చాక కూడా గాయాలు తగ్గలేదు. ఆ ప్రమాణం చాలదని, బండి పడిపోకుండా నిలబడే తీరునే మార్చాలని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2006లోనే చెప్పింది.

తలే ఎందుకు ముందు తగులుతుంది?

పుట్టిన బిడ్డ పొడవులో నాలుగో వంతు తలే. పెద్దవాళ్లలో అది ఏడో వంతో ఎనిమిదో వంతో. ఏడాది, రెండేళ్ల పిల్లల్లో కూడా బరువు పైభాగంలోనే ఎక్కువ. అందుకే వాళ్లు అంచు మీంచి వంగితే కాళ్లు పైకి లేచి తల కిందికి పోతుంది. చేతులు అడ్డం పెట్టుకునే నేర్పు ఇంకా రాలేదు. కింద ఉన్నది ఇంట్లోలాగా చాప కాదు, టైల్సో సిమెంటు గచ్చో.

తలకు దెబ్బ తగిలిన పిల్లలకు స్కాన్ అవసరమో కాదో తేల్చడానికి 2009లో అమెరికాలో పిల్లల అత్యవసర వైద్యులు కలిసి కొన్ని సూత్రాలు రూపొందించారు. చాలా దేశాల్లో వైద్యులు వాటిని వాడతారు. వాటి ప్రకారం రెండేళ్ల లోపు బిడ్డ మూడు అడుగుల కన్నా ఎక్కువ ఎత్తు నుంచి పడితే దాన్ని తీవ్రమైన పాటుగానే చూడాలి. రెండేళ్లు దాటితే ఆ హద్దు అయిదు అడుగులు. ట్రాలీలో కూర్చున్న బిడ్డ తల నేలకు ఎంత ఎత్తున ఉంటుందో ఈసారి వెళ్లినప్పుడు ఒకసారి చూడండి.

పడితే ఏం చేయాలి?

ముందు బిడ్డను గబుక్కున లేపి ఊపకండి. స్పృహ ఉందా, ఊపిరి సరిగ్గా ఉందా, మెడ నొప్పితో అరుస్తోందా చూడండి. కాసేపు ఏడ్చి, సముదాయిస్తే తేరుకుని మామూలుగా ఆడుకుంటే కొంత ధైర్యమే. అయినా రెండేళ్ల లోపు బిడ్డ ట్రాలీ ఎత్తు నుంచి పడితే ఒకసారి డాక్టరుకు చూపించడమే మంచిది.

స్పృహ తప్పడం, ఫిట్స్, ముక్కులోంచి గానీ చెవిలోంచి గానీ రక్తమో నీరులాంటి ద్రవమో రావడం, మళ్లీ మళ్లీ వాంతులు, లేపినా లేవని మత్తు, ఎంత ఊరుకోబెట్టినా ఆగని ఏడుపు, రెండు కళ్ల పాపలు ఒకే సైజులో లేకపోవడం, నుదుటి మీద కాకుండా తల వెనకో పక్కనో మెత్తగా ఉబ్బడం: వీటిలో ఏది కనిపించినా ఆగకూడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 108, అమెరికాలో 911.

బొప్పి కడితే గుడ్డలో ఐసు చుట్టి మెల్లగా అద్దండి. బొప్పి అణగాలని అరచేత్తో గట్టిగా రుద్దే అలవాటు మన ఇళ్లలో ఉంది. పసివాళ్ల తల మీద అది వద్దు. కింద ఎముక ఎలా ఉందో మనకు తెలియదు. మొదటి రోజంతా బిడ్డ నడక, చూపు, తిండి, నిద్ర మీద కన్నేసి ఉంచండి.

ఆరు నెలలు, నాలుగేళ్లు, 16 కిలోలు

అమెరికా ప్రమాణం ప్రకారం ట్రాలీ సీటు ఆరు నెలలు నిండి, తనంతట తాను కూర్చోగలిగిన బిడ్డ నుంచి నాలుగేళ్ల బిడ్డ వరకే. బరువు 35 పౌండ్లు, మన లెక్కలో దాదాపు 16 కిలోలు దాటకూడదు. ఐరోపాలో ట్రాలీలకు ఈఎన్ 1929 అనే వేరే ప్రమాణం ఉంది. అక్కడి బండ్ల సీట్ల మీద తరచుగా కనిపించే హద్దు 15 కిలోలు. మూడున్నరేళ్ల బొద్దు పిల్లవాడు ఒక్కోసారి ఈ హద్దు దాటేసి ఉంటాడు. వాడికి నడకే మేలు.

బెల్టు పెట్టడంలో కూడా చూసుకోవలసినవి రెండున్నాయి. కాళ్లు రెండూ ముందున్న రెండు రంధ్రాల్లోంచి బయటికి రావాలి. బెల్టు నడుముకి బిగుతుగా, ఒకటి రెండు వేళ్లు మాత్రమే దూరేలా ఉండాలి. చలిదేశాల్లో లావుపాటి కోటు మీంచి పెట్టిన బెల్టు, కోటు విప్పగానే వదులైపోతుంది. బెల్టు తెగిందనుకోండి, క్లిప్ విరిగిందనుకోండి, అసలు బెల్టే లేదనుకోండి, ఆ బండిని అక్కడే వదిలేసి ఇంకోటి తీసుకోండి. ఏ బండికీ లేకపోతే దుకాణం మేనేజరుకు చెప్పండి. నలుగురైదుగురు అడిగితే తెప్పిస్తారు. అడగడం మొహమాటపడే విషయం కాదు.

ఖాళీ బండే ఎక్కువ తిరగబడుతుంది

సరుకులతో నిండిన బండి ప్రమాదం, ఖాళీ బండి క్షేమం అనిపిస్తుంది. నిలకడ సంగతిలో అది తలకిందులు. ఖాళీ బండి పైన పదమూడు కిలోల బిడ్డ కూర్చుంటే మొత్తం బరువుకు కేంద్రం పైకి పోతుంది. అలాంటప్పుడు పక్క నుంచి ఇంకో పిల్లవాడు అంచు పట్టుకుని వేలాడాడంటే చక్రాలు లేచిపోతాయి. సరుకు అడుగున చేరేకొద్దీ కేంద్రం కిందికి దిగి బండి నిలకడగా ఉంటుంది. కాబట్టి కొనడం మొదలుపెట్టేటప్పుడే బియ్యం సంచి, నూనె క్యాన్‌లాంటి బరువులు బుట్ట అడుగున పెట్టుకోండి. చిప్స్ ప్యాకెట్లు తర్వాత చూసుకోవచ్చు.

బుట్టలో నిలబడి రథం మీద సారథిలా చేతులు చాచే పిల్లలు ముచ్చటగానే కనిపిస్తారు. ఫోటోలు కూడా తీస్తాం. బుట్ట అంచు వాళ్ల నడుము దగ్గరికే వస్తుంది, బండి ఒక్కసారి ఆగితే వాళ్లు ఆగరు. బండి ముందు కొసన, పక్కన ఎక్కి వేలాడడం కూడా ఇంతే ప్రమాదం. చెల్లిని సీట్లో కూర్చోబెట్టి ఏడేళ్ల అన్న చేతికి బండి ఇవ్వడం మరీ. వాడికి హ్యాండిల్ మీంచి ముందున్నది కనిపించదు, మలుపులో బండి విసురుని ఆపే బలం లేదు.

బండి మీద కారు సీటు

పురుడు పోయడానికి అమెరికా వెళ్లే మన అమ్మమ్మలకు, నానమ్మలకు ఈ విశేషం ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడ ఆసుపత్రి నుంచి బిడ్డను ఇంటికి తెచ్చుకునేది కారు సీట్లోనే. తొట్టిలాంటి ఆ సీటు కారులోని పీఠం మీద ‘టక్’ మని బిగుస్తుంది, తీస్తే ఊడి వస్తుంది. నిద్రపోతున్న బిడ్డను లేపడమెందుకని ఆ తొట్టిని అలాగే తెచ్చి ట్రాలీ సీటు మీద ఆనిస్తారు. అక్కడ కూడా ‘టక్’ మన్నట్టే ఉంటుంది.

ఆ కొక్కెం తయారైంది కారు పీఠం కోసం, ట్రాలీ ఊచల కోసం కాదు. చిన్న గతుకు వచ్చినా, ర్యాంపు అంచు తగిలినా బిడ్డతో సహా తొట్టి కింద పడిపోగలదు. బండి పైభాగం బరువెక్కి మొత్తమే ఒరిగిపోవచ్చు. ట్రాలీ మీద కారు సీటు పెట్టొద్దని పిల్లల వైద్యుల అకాడమీ చెబుతుంది, సీటు తయారుచేసే కంపెనీలూ పుస్తకంలో రాస్తాయి. మరేం చేయాలి? ఒంటికి కట్టుకునే బేబీ క్యారియరో, మెత్తటి గుడ్డ స్లింగో వాడమంటారు. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికిన సామెత ఇక్కడ గుర్తొస్తుంది నాకు. వందల డాలర్ల పరికరాలు తిరిగి తిరిగి, వైద్యులు చివరికి మన పల్లెల్లో తల్లులు ఎరిగిన దగ్గరికే వచ్చారు: బిడ్డను ఒంటికి ఆనించుకోవడం. స్లింగులో బిడ్డ గడ్డం ఛాతీకి నొక్కుకుపోకుండా, ముఖం మీకు కనిపిస్తూ, ముక్కు తెరపిగా ఉండాలి.

ఇంట్లో ఇంకో పెద్దమనిషి ఉంటే ఇంకా తేలిక. తాతయ్య బిడ్డను చూసుకుంటే అమ్మమ్మ సరుకులు తెస్తుంది, లేదా తారుమారు.

కోడి మాంసం పక్కన చంటిబిడ్డ

ఇది చాలామందికి తెలియదు. అమెరికాలో ఆహారం ద్వారా వచ్చే జబ్బులపై నిఘా పెట్టే ‘ఫుడ్‌నెట్’ వ్యవస్థ ఏడాదిలోపు పిల్లలకు సాల్మొనెల్లా అనే క్రిమి ఎలా సోకుతోందో వెతికింది. 2006లో ప్రచురించిన ఆ అధ్యయనంలో బయటపడిన కారణాల్లో ఒకటి, షాపింగ్ కార్టులో పచ్చి మాంసం పక్కన కూర్చోవడం. మరుసటి ఏడాది వచ్చిన ఇంకో అధ్యయనం ఆరు నెలల లోపు పిల్లల్లో క్యాంపిలోబ్యాక్టర్ అనే క్రిమి విషయంలో అదే చెప్పింది. ప్యాకెట్ బయటి తడి, బిడ్డ చెయ్యి, ఆ చెయ్యి నోట్లోకి. దారి అంత చిన్నది.

హ్యాండిల్ సంగతి మరొకటి. అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన సూక్ష్మజీవ శాస్త్రవేత్త చార్లెస్ గెర్బా 2011లో 85 బండ్ల హ్యాండిళ్లు, సీట్లు పరీక్షిస్తే 72 శాతం బండ్లపై మలంతో వచ్చే రకం బ్యాక్టీరియా జాడ కనిపించింది. పళ్లు వచ్చే వయసు పిల్లలు మొట్టమొదట కొరికేది ఆ హ్యాండిల్‌నే. భయపడి బెంబేలెత్తాల్సింది లేదు. తడి వైప్‌తో హ్యాండిల్, సీటు అంచులు తుడిచి, నమలడానికి ఇంటి నుంచి తెచ్చిన బొమ్మ చేతికివ్వండి. చికెన్, చేపలు వేరే కవర్లో కట్టించి, చివర్లో తీసుకుని, బిడ్డకు చేరువలో లేకుండా ముందు కొసన పెట్టండి. ఇంటికి రాగానే బిడ్డ చేతులు సబ్బుతో కడగండి.

కదిలే బాట మీద

పై అంతస్తులో సూపర్ మార్కెట్ ఉన్న మాల్స్‌లో మెట్లు లేని, వాలుగా కదిలే బాట ఉంటుంది. దాని మీద ట్రాలీ జారిపోకపోవడం చాలామందికి వింతగా ఉంటుంది. అక్కడి బండ్ల చక్రాలకు గాడులుంటాయి. బాట మీది చారల మధ్యలోకి ఆ గాడులు దిగిపోతాయి, అప్పుడు చక్రం పక్కనున్న రబ్బరు దిమ్మ బాటకు ఆని బండిని పట్టేస్తుంది. చివరికి రాగానే చక్రాలు పైకి లేచి బండి మళ్లీ కదులుతుంది. ఆ క్షణంలో ఒక్క తోపు తోయాలి, లేకపోతే వెనకవాళ్లు వచ్చి మీద పడతారు. ఇదంతా ఆ బాటకు తగ్గ చక్రాలున్న బండికే. మెట్ల ఎస్కలేటరు మీదికి ట్రాలీని గానీ పిల్లల స్ట్రోలరును గానీ ఎక్కించకూడదు, లిఫ్టు వెతుక్కోవాలి.

నడిచే పిల్లవాడి కాళ్ల వైపు కూడా చూడండి. మెత్తటి రబ్బరు క్లాగ్ చెప్పులు ఎస్కలేటరు పక్క సందుల్లో ఇరుక్కుని పిల్లల కాళ్లు నలుగుతున్నాయని అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘం 2008లో హెచ్చరించింది. మధ్యలో నిలబెట్టి, చెయ్యి పట్టుకుని, దిగేచోట ఎత్తి దించండి.

కారొలైన్ బండి

అన్ని విశేషాల్లోకీ నాకు బాగా నచ్చింది ఇది. అలబామా రాష్ట్రంలో డ్రూ ఆన్ లాంగ్ అనే తల్లికి కారొలైన్ అనే కూతురు. రెట్ సిండ్రోమ్ అనే జబ్బు వల్ల ఆ పాప సొంతంగా నడవలేదు. పాప ఎదిగి మామూలు ట్రాలీ సీటుకు పట్టనంత పెద్దదైంది. తల్లి ఒకేసారి చక్రాల కుర్చీని, సరుకుల బండిని ఎలా తోయగలదు? ఆమె ఊరుకోలేదు. పెద్ద సీటు, ఒంటిని పట్టి ఉంచే బెల్టులు, బిడ్డ ముఖం తల్లి వైపు ఉండే అమరికతో కొత్త బండి రూపొందించి, తయారు చేయించి, దుకాణాల చుట్టూ తిరిగింది. 2016లో టార్గెట్ సంస్థ దాదాపు తన దుకాణాలన్నిటిలో ఆ ‘కారొలైన్స్ కార్ట్’ పెట్టింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో అమెరికాలో ఉన్న మన కుటుంబాలు దుకాణంలో ఆ పేరు చెప్పి అడగవచ్చు. మన నగరాల్లోని పెద్ద దుకాణాలు ఇలాంటి బండి ఒక్కటైనా ఉంచితే, ఇంటికే పరిమితమైపోయిన తల్లులు ఎంతమంది బయటికి వస్తారో!

ఇద్దరికి ఒకే బండి, నేలకు దగ్గరి బండి

కాస్ట్‌కో దుకాణాల బండ్లు వెడల్పుగా, పక్కపక్కన ఇద్దరు పిల్లలు కూర్చునేలా ఉంటాయి. కవలలున్న ఇళ్లకు వరమే. బెల్టు మాత్రం ఎవరిది వాళ్లకే పెట్టాలి. ముందు బొమ్మ కారు కట్టిన బండ్లు కూడా కొన్ని చోట్ల కనిపిస్తాయి. అవి చూడ్డానికి ఆటలా ఉన్నా, సీటు నేలకు దగ్గరగా ఉండడం వాటిలో అసలైన మంచి. పడినా ఎత్తు తక్కువ. కొలంబస్ పరిశోధకుల సలహా కూడా అదే: దొరికితే నేలకు దగ్గర సీటున్న బండినే ఎంచుకోండి. కాకపోతే మలుపుల్లో అరలకు తగలకుండా పిల్లల చేతులు లోపలే ఉండేలా చూడాలి, పొడవాటి బండి కదా.

భారతదేశంలో తొలి ఐకియా దుకాణం 2018 ఆగస్టు 9న మన హైదరాబాద్‌లోనే తెరుచుకుంది. అక్కడ అట్టపెట్టెల ఫర్నిచర్ మోసే బల్లపరుపు బండ్లుంటాయి. పక్కలకు గోడ లేదు, బెల్టు లేదు, అయినా పిల్లలను కూర్చోబెట్టి తోయాలని సరదా పుడుతుంది. వద్దు. ఐకియా దుకాణాల్లో పిల్లల కోసం ‘స్మోలండ్’ అనే ఆట స్థలం ఉంటుంది. ఆ కంపెనీ స్థాపకుడు ఇంగ్వార్ కాంప్రాడ్ పుట్టి పెరిగిన స్వీడన్ ప్రాంతం పేరే దానికి పెట్టారు.

శంషాబాద్‌లో సూట్‌కేసుల మీద

విమానాశ్రయం ట్రాలీ ఇంకో బంధువు. అక్కడి బండ్లలో చాలావాటికి హ్యాండిల్ కింద బ్రేకు ఉంటుంది. హ్యాండిల్ నొక్కితేనే కదులుతుంది, చెయ్యి తీస్తే ఆగిపోతుంది. మంచి ఏర్పాటే, కానీ సామాను కోసం. శంషాబాద్‌లో వీడ్కోలుకు వచ్చిన జనం మధ్య, రెండు పెద్ద సూట్‌కేసులు పేర్చి వాటి మీద మూడేళ్ల పాపను కూర్చోబెట్టి తోసుకెళ్లడం మామూలు దృశ్యం. పాపకు పట్టుకోవడానికి ఏమీ లేదు, నున్నటి సూట్‌కేసు జారుతుంది, చెయ్యి వదలగానే బండి ఠక్కున ఆగుతుంది. పాప ఆగదు. తెలంగాణ వైపు వాళ్లయినా ఆంధ్ర వైపు వాళ్లయినా సాగనంపడానికి అరడజను మంది వస్తారు కదా, ఒకరు పాపను ఎత్తుకుంటే సరి.

నడిచే పిల్లలకు పని

మూడేళ్లు దాటినవాళ్లను నడిపించడం కుదిరితే అంత మంచిది మరొకటి లేదు. వాళ్లకొక పని అప్పజెప్పండి. టమాటాలు ఏరడం, ఎర్ర ప్యాకెట్లు ఎక్కడున్నాయో చెప్పడం, చీటీ పట్టుకోవడం. ఒక చెయ్యి బండి పక్క ఊచ మీద ఉండాలన్న నియమం పెట్టండి. ఆకలి వేళో నిద్ర వేళో తీసుకెళ్తే ఏ నియమమూ పనిచేయదు. సీట్లోంచి లేచి నిలబడే పిల్లల్లో చాలామంది అల్లరి వల్ల కాదు, విసుగెత్తి లేస్తారు. అందుకని వారం సరుకులకు ఒక గంట తిరిగే బదులు చీటీ రాసుకుని అరగంటలో ముగించడం బిడ్డకు మేలు. బిల్లు క్యూలో మరీ జాగ్రత్త. చాక్లెట్లు పిల్లల కళ్లకు ఎదురుగా ఉండేది అక్కడే, మన కళ్లు ఫోన్‌లో డబ్బు కట్టడం మీద ఉండేదీ అక్కడే.

పార్కింగులో చివరి పది నిమిషాలు

బయట నేల వాలుగా ఉంటుంది, బండికి బ్రేకు ఉండదు. డిక్కీలో సరుకులు సర్దడానికి రెండు చేతులూ తీస్తే, బిడ్డ ఉన్న బండి కార్ల దారిలోకి దొర్లిపోగలదు. ముందుగా బిడ్డను కారు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టండి, ఆ తర్వాతే సరుకులు. కారు ఇంకా వేడిగా ఉంటే తలుపులు తెరిచి, ఏసీ వేసి, బిడ్డ పక్కనే నిలబడి సర్దండి.

ఇక ఖాళీ బండిని తిరిగి పెట్టాలి. బిడ్డను కారులో వదిలి, తలుపు వేసి, అటు చివర దాకా వెళ్లి రావడం మన ఎండల్లో చాలా ప్రమాదం. మూసిన కారు లోపల పది నిమిషాల్లోనే వేడి దాదాపు 10 డిగ్రీలు పెరుగుతుంది, పసివాళ్ల ఒళ్లు పెద్దవాళ్ల కన్నా త్వరగా వేడెక్కుతుంది. అందుకే పిల్లలతో వచ్చినప్పుడు దుకాణం గుమ్మానికి దగ్గరగా ఉన్న చోటు కాదు, బండ్లు తిరిగి పెట్టే చోటుకు ఆనుకుని ఉన్న చోటు చూసి కారు ఆపండి. బిడ్డ మీ కంటి ముందే ఉండగా బండిని నాలుగడుగుల్లో లోపలికి తోసేయొచ్చు. వచ్చేటప్పుడు కూడా అక్కడే ఒక బండి తీసుకుని, బెల్టు సరిగ్గా ఉందో లేదో చూసుకుని, బిడ్డను కారులోంచి నేరుగా సీట్లోకి దించుకోవచ్చు.